మీటింగ్ గదిలో నాలుగు తెరలు: స్విచర్ ఎంపికలో లెక్క ఎక్కడ తప్పుతోంది?

క్లుప్తంగా: తెరలు ఎక్కువున్న గదికి వీడియో స్విచర్‌ని, అంటే ల్యాప్‌టాప్‌ల బొమ్మలను తెరలకు పంపే పెట్టెని, పోర్టులు లెక్కపెట్టి కొంటే సరిపోదు. ఏ తెర మీద ఎవరి బొమ్మ పడాలన్నది ముందు తేలాలి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌కీ తెరకీ మధ్య జరిగే సంప్రదింపులను ఆ పెట్టె ఎంత బాగా సర్దగలదో చూడాలి. ‘నో సిగ్నల్’ గొడవలు చాలావరకు పుట్టేది అక్కడే. దూరం, యూఎస్‌బీ, కరెంటు ఆ తర్వాతి ప్రశ్నలు.

పది గంటలకు సమీక్ష. పదికి పది నిమిషాలుండగా ఒకరు ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెడతారు. గోడకున్న రెండు పెద్ద ప్యానెళ్లలో ఒకటి వెలుగుతుంది, రెండోది నల్లగానే ఉంటుంది. వెనక వరుసల కోసం పెట్టిన ప్రొజెక్టర్‌లో బొమ్మ వస్తుంది కానీ అంచులు తెగి ఉంటాయి. కేబుల్ పీకి మళ్లీ పెడితే మూడూ ఆరిపోతాయి. కలెక్టరేట్ సమావేశ మందిరమైనా, ఐటీ కంపెనీ బోర్డు రూం అయినా ఈ టెన్షన్ ఒకటే. సర్వీసు మనిషి వచ్చేసరికి అన్నీ మామూలుగా పనిచేస్తుంటాయి. దాంతో తప్పు ఎక్కడుందో తేలకుండానే కొత్త పెట్టెకి ఇండెంట్ వెళ్తుంది.

ఒకప్పుడు గదికి ఒక ప్రొజెక్టర్, ఒక వీజీఏ వైరు ఉండేవి. అది అనలాగ్ సిగ్నల్. నాలుగుగా పంచినా బొమ్మ కాస్త మసకబారేదే తప్ప మాయమయ్యేది కాదు. ల్యాప్‌టాప్‌ల నుంచి వీజీఏని 2015 నాటికి తీసేస్తామని ఇంటెల్, ఏఎండీ, మరికొన్ని కంపెనీలు 2010 డిసెంబరులో ప్రకటించాయి. ఆ చోటికి హెచ్‌డీఎంఐ, తర్వాత యూఎస్‌బీ-సి వచ్చాయి. 2020లో కరోనాతో సగం మంది గదిలో, సగం మంది ఇంట్లో ఉండే మీటింగులు మొదలయ్యాయి. మనుషుల ముఖాలకు ఒక తెర, స్లైడ్లకు ఒక తెర, మాట్లాడేవాళ్ల ముందు ఇంకో తెర కావాల్సి వచ్చింది. తెరలు పెరిగాయి, వాటి మధ్య కూర్చున్న పెట్టె మీద భారమూ పెరిగింది.

## ఏ పెట్టె ఏం చేస్తుంది

దుకాణంలో వీటన్నిటినీ కలిపి ‘హెచ్‌డీఎంఐ బాక్స్’ అనేస్తారు. పనులు మాత్రం వేరు. స్ప్లిటర్ ఒకే బొమ్మను అన్ని తెరలకీ పంచుతుంది. స్విచ్ నాలుగు ల్యాప్‌టాప్‌లలో ఒకదాన్ని ఎంచి ఒక తెరకి పంపుతుంది. ఏ ఇన్‌పుట్‌నైనా ఏ తెరకైనా పంపేది మ్యాట్రిక్స్. మల్టీవ్యూయర్ నాలుగు బొమ్మలను చిన్నవి చేసి ఒకే తెర మీద పేరుస్తుంది. వీడియో వాల్ ప్రాసెసర్ ఒకే బొమ్మను ముక్కలు చేసి పక్కపక్క ప్యానెళ్ల మీద పరుస్తుంది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో కనిపించే గోడలాంటి తెర ఈ చివరి రకం పని. అలాంటిది చూసి వచ్చి ఇరవై కుర్చీల గదికి వీడియో వాల్ ప్రాసెసర్ అడిగితే డబ్బు పోతుంది, పని మాత్రం కాదు.

ఎంపికకు మంచి దారి ఒక తెల్లకాగితం. పైన అడ్డంగా తెరల పేర్లు, పక్కన నిలువుగా సోర్సులు రాయాలి: టేబుల్ మీది కేబుల్, పోడియం, గదిలో ఉండే కంప్యూటర్, వీడియో కాన్ఫరెన్స్ పరికరం. ఒక మామూలు సమీక్షలో ఏ గడిలో టిక్ పడుతుంది, కాన్ఫరెన్స్ నడిచేటప్పుడు ఏ గడిలో పడుతుంది అని నింపితే సగం ప్రశ్నలు అక్కడే తేలతాయి. అన్ని తెరల మీదా ఎప్పుడూ ఒకే బొమ్మ పడే గదికి మ్యాట్రిక్స్ అవసరమే లేదు. ఒక స్విచ్, దాని వెనక ఒక స్ప్లిటర్ చాలు. ఒక్క తెర మీదైనా వేరే బొమ్మ రావాలంటే మ్యాట్రిక్స్ తప్పదు.

ఇక్కడే తరచూ ఒక అపోహ ఎదురవుతుంది. మ్యాట్రిక్స్ ఉంటే ఒకే ల్యాప్‌టాప్ నుంచి రెండు తెరల మీద రెండు వేర్వేరు బొమ్మలు వేయొచ్చని చాలామంది అనుకుంటారు. ఒక హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వచ్చేది ఒక్క బొమ్మే. రెండు కావాలంటే ల్యాప్‌టాప్ నుంచే రెండు దారులు రావాలి. యూఎస్‌బీ-సి డాక్ ద్వారా విండోస్ ల్యాప్‌టాప్‌లు ఎంఎస్‌టీ పద్ధతిలో, అంటే ఒకే కేబుల్‌లో రెండు బొమ్మలు పంపి, ఆ పని చేయగలవు. మ్యాక్‌లలో ఆ పద్ధతి పనిచేయదు, రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది.

## కేబుల్ పెట్టిన మొదటి క్షణాల్లో

తెర నల్లబడటానికి కారణం తెలియాలంటే ప్లగ్ లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. హెచ్‌డీఎంఐ ప్లగ్‌లో 19 పిన్నులుంటాయి. కేబుల్ తగలగానే ల్యాప్‌టాప్ 18వ పిన్ మీద 5 వోల్టులు పంపుతుంది. ‘నేనున్నాను’ అన్నట్టు తెర 19వ పిన్‌ని పైకి లేపుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ సన్నని వేరే తీగల మీద తెర దగ్గరున్న ఒక చిన్న జాబితాను చదువుతుంది. దాని పేరు ఈడీఐడీ. వీసా అనే ప్రమాణాల సంస్థ 1994లో తెచ్చిన ఏర్పాటిది. మొదటి భాగం 128 బైట్లు, అంటే ఒక పాత ఎస్‌ఎంఎస్ కంటే చిన్నది. తెర ఏ కొలతల బొమ్మ చూపగలదు, సెకనుకు ఎన్నిసార్లు, శబ్దం పలకగలదా లేదా అన్నదంతా ఈ జాబితాలో, దాని అనుబంధాల్లో ఉంటుంది.

ల్యాప్‌టాప్ దీన్ని చదివాకే ఏ బొమ్మ పంపాలో నిర్ణయించుకుంటుంది. బొమ్మ కాపీహక్కుల రక్షణలో ఉంటే ఆ వెంటనే హెచ్‌డీసీపీ అనే తాళంచెవుల మార్పిడి కూడా జరుగుతుంది. ఈ తంతంతా అయ్యేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. గదిలో అందరూ తెర వైపే చూస్తున్నప్పుడు ఆ కొన్ని సెకన్లే చాలా ఎక్కువ అనిపిస్తాయి, ఎవరో ఒకరు కేబుల్ పీకుతారు, తంతు మళ్లీ మొదటికొస్తుంది.

ఒక ల్యాప్‌టాప్, ఒక తెర ఉంటే ఈ సంభాషణ సాఫీగా సాగిపోతుంది. మధ్యలో స్విచర్ వచ్చి, అవతల నాలుగు తెరలుంటే ల్యాప్‌టాప్ ఎవరి జాబితాను చదవాలి?

## బలహీనమైన తెర చేతిలో అందరి బొమ్మ

ఒక గదిలో ముందు రెండు 85 అంగుళాల 4కె (3840×2160 చుక్కల) ప్యానెళ్లు, వెనక 1920×1200 ప్రొజెక్టర్, పోడియం మీద పాత 1080పి (1920×1080) మానిటర్ ఉన్నాయనుకుందాం. బొమ్మ నాలిగింటికీ ఒకేసారి వెళ్లాలి. స్విచర్ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, మొదటి అవుట్‌పుట్‌లో ఉన్న తెర జాబితానే ల్యాప్‌టాప్‌కి చూపించడం. అక్కడ 4కె ప్యానెల్ ఉంటే ల్యాప్‌టాప్ 4కె పంపుతుంది, ప్రొజెక్టర్ దాన్ని అందుకోలేక నల్లబడుతుంది. చవక స్ప్లిటర్లలో తరచూ జరిగేది ఇదే. రెండోది, నలుగురికీ వచ్చిన కనీస బొమ్మను లెక్కగట్టి చూపించడం. అప్పుడు అన్ని తెరలూ వెలుగుతాయి కానీ బొమ్మ నాణ్యతను పోడియం మీది పాత మానిటర్ నిర్ణయిస్తుంది. శబ్దం విషయంలో ఈ దారి మరీ ఇబ్బంది పెడుతుంది. స్పీకర్ లేని మానిటర్ జాబితాలో ‘శబ్దం లేదు’ అని ఉంటే, ఆ మాట కలిసిన జాబితాను చదివిన ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ మీద శబ్దం పంపడమే మానేస్తుంది. వీడియో నడుస్తుంటుంది, గదిలో స్పీకర్లు మాత్రం పలకవు. ఆపరేటర్ వాల్యూమ్ ఎంత పెంచినా లాభం ఉండదు, ఎందుకంటే ల్యాప్‌టాప్ ఎంపికల్లోంచే ఆ స్పీకర్ మాయమై ఉంటుంది.

మూడోది, స్విచర్ తన దగ్గర దాచుకున్న ఒక స్థిరమైన జాబితాను ప్రతి ల్యాప్‌టాప్‌కీ చూపించి, లోపలికొచ్చిన బొమ్మను ఏ తెరకి తగ్గట్టు ఆ తెరకి కుదించో పెంచో పంపడం. దీనికి ప్రతి అవుట్‌పుట్ దగ్గరా ఒక స్కేలర్ ఉండాలి. ధర పెరిగేది ఇక్కడే. అయినా నాలుగు రకాల తెరలున్న గదికి నిజంగా పనికొచ్చేది ఈ మూడోదే. పోర్టుల సంఖ్య కంటే ముందు చూడాల్సిన లక్షణం కూడా ఇదే. కొటేషన్లో ‘ప్రతి అవుట్‌పుట్‌కీ విడిగా స్కేలింగ్’, ‘ప్రతి ఇన్‌పుట్‌కీ విడిగా ఈడీఐడీ అమర్చుకునే వీలు’ అన్న రెండు మాటలు లేకపోతే ఆగి అడగాలి.

స్కేలర్‌తో ఇంకో మేలుంది. ఒక ల్యాప్‌టాప్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు తెర వైపు సిగ్నల్ తెగదు కనుక నల్లటి విరామం ఉండదు. దీన్నే సీమ్‌లెస్ స్విచింగ్ అంటారు. మామూలు మ్యాట్రిక్స్‌లో మారిన ప్రతిసారీ తెర కొత్త సిగ్నల్‌ని పట్టుకునేదాకా ఆగాలి. స్కేలర్ ఉన్న పెట్టెలో మాత్రం బొమ్మ లోపల ఒక ఫ్రేమ్ సేపు నిలిచి వెళ్తుంది కాబట్టి కొద్ది ఆలస్యం ఉంటుంది. స్లైడ్లకు అది తెలియదు. మాట్లాడుతున్న మనిషి బొమ్మను అదే గదిలో తెర మీద చూపిస్తే మాత్రం పెదవులూ మాటా కొంచెం విడిపోయినట్టు అనిపించొచ్చు.

గదిలో స్థిరంగా ఉండే కాన్ఫరెన్స్ కంప్యూటర్‌కి కూడా ఈ స్థిరమైన జాబితా అవసరమే. తెరను ఆపగానే 19వ పిన్ కిందికి పడితే, విండోస్ ఒక తెర పోయిందనుకుని కిటికీలన్నిటినీ రెండో తెర మీదికి తోసేస్తుంది. స్విచర్ ఆ పిన్‌ని ఎప్పుడూ పైకే పట్టి ఉంచితే ముఖాలు ఒక తెర మీద, స్లైడ్లు ఒక తెర మీద అనే ఏర్పాటు చెదరదు.

## తాళంచెవుల పేచీ

హెచ్‌డీసీపీ సినిమాల కాపీని అడ్డుకోవడానికి ఇంటెల్ తయారుచేసిన ఏర్పాటు. దాని పాత తరం మాస్టర్ కీ 2010 సెప్టెంబరులో బయటికి పొక్కింది, ఇంటెల్ కూడా ఆ సంగతి ఒప్పుకుంది. అయినా అది ప్రతి మీటింగ్ గదిలోనూ కూర్చునే ఉంది. 4కె సినిమాలకు 2.2 తరం కావాలి. అది రాని తెర ఒక్కటి గొలుసులో ఉన్నా రక్షిత 4కె బొమ్మ ఆ తెరకి పోదు. కొన్ని పెట్టెల్లో మిగతా తెరలకీ పోదు.

సినిమాలు వేయని ఆఫీసుకి ఇదెందుకు అనిపిస్తుంది. ఆపిల్ ల్యాప్‌టాప్‌లు అవతలి పరికరం హెచ్‌డీసీపీ వచ్చునని చెబితే మామూలు ఎక్సెల్ షీటును కూడా తాళం వేసే పంపుతాయి. ఆ బొమ్మ గదిలో తెరల మీద బాగానే కనిపిస్తుంది, రికార్డింగ్ పెట్టెకో కాన్ఫరెన్స్ పరికరానికో వెళ్లేసరికి నల్లగా మారుతుంది. ఇన్‌పుట్ వారీగా హెచ్‌డీసీపీని ఆపే వీలున్న స్విచర్ అయితే, ‘నాకు ఆ తాళం తెలియదు’ అని ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. అప్పుడు మామూలు షీటు తాళం లేకుండా వస్తుంది. మీటింగులు రికార్డు చేసే గదికి ఈ ఒక్క సెట్టింగ్ ఉండి తీరాలి.

## డబ్బా మీది ‘4కె’

సెకనుకు 60 ఫ్రేముల 4కె బొమ్మకు ఎంత వెడల్పు దారి కావాలో లెక్క సులువే. బొమ్మ 3840×2160 అయినా చుట్టూ ఉండే ఖాళీ సమయంతో కలిపి 4400×2250 పిక్సెళ్లుగా ప్రయాణిస్తుంది. సెకనుకు 60 సార్లంటే 59.4 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 24 బిట్లు, కేబుల్ ఎక్కేటప్పుడు అవి 30 అవుతాయి. మొత్తం సెకనుకు 17.82 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 2.0 మోసేది 18, కాబట్టి సరిగ్గా సరిపోతుంది. 2009 నాటి 1.4 మోసేది 10.2 మాత్రమే, అందులో 4కె సెకనుకు 30 ఫ్రేములే పడుతుంది. 1080పి 60 ఫ్రేములకైతే 4.46 చాలు.

10.2 దారిలోనే 4కె 60 ఫ్రేములు పంపిస్తామనే పెట్టెలూ ఉన్నాయి. అవి రంగును తగ్గిస్తాయి: నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం. దీన్ని 4:2:0 అని రాస్తారు. సినిమాలో ఈ తేడా కనబడదు. నీలి నేపథ్యం మీద ఎర్ర తెలుగు అక్షరాలున్న స్లైడ్‌లో మాత్రం కనబడుతుంది. వత్తులు, గుణింతాల సన్నని గీతల చుట్టూ రంగు పులుముకుంటుంది, చిన్న సైజులో ‘ఘ’కీ ‘ఫ’కీ తేడా తెలియడం కష్టమవుతుంది. అందుకే ‘4కె 60’ అన్న మాట పక్కన 4:4:4 అని, అంటే రంగు తగ్గించలేదని, ఉందా లేదా చూడాలి. హెచ్‌డీఎంఐ 2.1 అన్న ముద్ర కూడా 48 గిగాబిట్లకు హామీ ఇవ్వదు. పాత 2.0 సామర్థ్యమే ఉన్న పరికరాలకూ ఇప్పుడు ఆ పేరు వాడొచ్చు.

అసలు 4కె అవసరమా అన్నది ఇంకా ముందు అడగాల్సిన ప్రశ్న. 85 అంగుళాల ప్యానెల్ వెడల్పు దాదాపు 188 సెంటీమీటర్లు. 1080పి బొమ్మలో ఒక్కో చుక్క ఒక మిల్లీమీటరు లోపు ఉంటుంది. మామూలు చూపున్న కంటికి ఆ చుక్కలు విడివిడిగా కనబడేది సుమారు 3.4 మీటర్ల వరకే, అంటే 11 అడుగులు. అంతకంటే దూరంలో కూర్చున్నవాళ్లకి ఆ తెర మీద 1080పికీ 4కెకీ తేడా దాదాపు తెలియదు. చాలా గదుల్లో సగానికి పైగా కుర్చీలు 11 అడుగుల అవతలే ఉంటాయి. మ్యాపులు, ఇంజినీరింగ్ డ్రాయింగులు దగ్గరికెళ్లి చూసే గదికి 4కె కావాలి. మిగతా చోట్ల అదే డబ్బును మంచి స్కేలర్‌కి పెడితే ఎక్కువ మేలు.

## దూరం, దారి

మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ మీద 18 గిగాబిట్లు అయిదు మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది. టేబుల్ నుంచి ఫాల్స్ సీలింగ్ మీదుగా ప్రొజెక్టర్ దాకా 15 మీటర్లు ఇట్టే అవుతాయి. అప్పుడు ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వాడొచ్చు. దానికి దిశ ఉంటుంది, తిరగేసి లాగితే పనిచేయదు. పైపులోకి ఎక్కించేముందు రెండు కొసలనూ చూసుకోవాలి.

ఇంకో దారి హెచ్‌డీబేస్‌టీ. ఎల్జీ, శాంసంగ్, సోనీ పిక్చర్స్, ఇజ్రాయెల్ చిప్‌ల కంపెనీ వాలెన్స్ 2010లో కలిసి మొదలుపెట్టిన ఈ పద్ధతిలో బొమ్మ, శబ్దం, కంట్రోల్, కరెంటు అన్నీ ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద 100 మీటర్ల దాకా పోతాయి. పాత తరం దారి వెడల్పు 10.2 గిగాబిట్లే. 2021లో వచ్చిన 3.0 తరంలోనే 18 పూర్తిగా పడుతుంది. కేబుల్ స్వచ్ఛమైన రాగిది కావాలి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక కేబుళ్లు బజారులో అవే పేర్లతో దొరుకుతాయి. ఆఫీసు నెట్‌కి అవి ఏదోలా నడిచిపోయినా ఇక్కడ తెర మీద మెరుపులు తెప్పిస్తాయి.

బొమ్మను నెట్‌వర్క్ ప్యాకెట్లుగా మార్చి పంపే పద్ధతి మూడోది. ప్రతి ల్యాప్‌టాప్ దగ్గరా ఒక ఎన్‌కోడర్, ప్రతి తెర దగ్గరా ఒక డీకోడర్, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్. పది గదులున్న కాలేజీకి, యూనివర్సిటీకి ఇది బాగుంటుంది, తెరలు ఎన్నైనా పెంచుకోవచ్చు. నాలుగు తెరల ఒక్క గదికి మాత్రం భారమే. నెట్‌వర్క్ స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టుకే వీడియో పంపే సెట్టింగ్) అమర్చకపోతే ఒక తెరకి వెళ్లాల్సిన వీడియో అన్ని పోర్టుల్లోకీ పారి ఆఫీసు నెట్ మొత్తం మందగిస్తుంది.

## కెమెరా ఎటు పోతుంది

బయటివాళ్లు తమ ల్యాప్‌టాప్‌లోనే మీటింగు నడుపుతూ గదిలోని కెమెరా, మైకు వాడుకోవాలంటే వీడియోతో పాటు యూఎస్‌బీ కూడా అదే ల్యాప్‌టాప్ వైపు మారాలి. ఒట్టి హెచ్‌డీఎంఐ మ్యాట్రిక్స్ ఆ పని చేయదు. తెర మీద స్లైడు మారుతుంది, కెమెరా పాత ల్యాప్‌టాప్‌కే అంటుకుని ఉంటుంది. యూఎస్‌బీ 2.0 కేబుల్ అయిదు మీటర్లకు మించి లాగలేం, పొడిగించే పరికరాల్లోనూ చాలావాటిది 2.0 వేగమే. కెమెరా యూఎస్‌బీ 3 కోరితే ఆ దారి సరిపోదు. ఇక యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్న ప్రతి ల్యాప్‌టాప్ నుంచీ వీడియో రాదు. ఆ పోర్టుకి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే వీడియో కూడా పంపే వీలు, ఉండాలి. అందుకే టేబుల్ మీద హెచ్‌డీఎంఐ కూడా మరికొన్నేళ్లు ఉంచక తప్పదు.

## కరెంటు, ఎర్తింగ్

కేటలాగులో కనిపించని కారణాలు ఇవి. కరెంటు పోయి వచ్చినప్పుడు స్విచర్ కొన్ని సెకన్లలో లేస్తుంది, ప్రొజెక్టర్‌కి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. స్విచర్ లేచిన క్షణంలో అవతల తెర లేకపోతే జాబితా దొరకదు. అప్పుడు తోచిన కొలతతో నడుస్తుంది, తెర లేచాక కూడా సర్దుకోదు. జాబితాను తనలోనే దాచుకునే స్విచర్‌కి ఈ ఇబ్బంది ఉండదు. స్విచర్‌నీ గది కంప్యూటర్‌నీ ఒకే యూపీఎస్ మీద పెట్టడం కూడా మంచిది.

టేబుల్ సాకెట్ ఒక బోర్డు నుంచి, ప్రొజెక్టర్ సాకెట్ ఇంకో బోర్డు నుంచి వస్తే రెండు ఎర్తుల మధ్య కొన్ని వోల్టుల తేడా ఉండొచ్చు. ఆ తేడా వల్ల హెచ్‌డీఎంఐ కేబుల్ లోపలి లోహపు తొడుగు గుండా కరెంటు ప్రవహిస్తుంది. స్పీకర్లలో గుయ్‌మనే శబ్దం వస్తుంది, బొమ్మ వణుకుతుంది, ఒక్కోసారి పోర్టే కాలిపోతుంది. పోర్టు కాలితే నింద స్విచర్ మీద పడుతుంది. కొనేముందే ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు కొలిపించడం చవకైన పని. తేడా సరిచేయలేని పాత భవనాల్లో పూర్తి ఫైబర్ ఎక్స్‌టెండర్ (బొమ్మను రాగి తీగ లేకుండా గాజు తీగ మీద దూరం పంపే పరికరం) ఆ కరెంటు దారిని తెంచేస్తుంది.

## కొటేషన్లో, అప్పగింతలో

ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్లో గానీ టెండర్లో గానీ ‘4×4 4కె మ్యాట్రిక్స్’ (నాలుగు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు) అని మాత్రమే రాస్తే ఎల్-1గా, అంటే అతి తక్కువ ధరకి, వచ్చేది స్కేలర్ లేని పెట్టే. రాసిన షరతులన్నీ అది తీరుస్తుంది కాబట్టి తిరస్కరించే దారి కూడా ఉండదు. అందుకని కావాల్సిన లక్షణాన్ని పనితీరుగా రాయడం మేలు: ఈ నాలుగు తెరలు, ఈ మోడళ్లు, వీటన్నిటి మీదా ఒకే సోర్సు ఒకేసారి శబ్దంతో సహా రావాలి, సోర్సు మారినప్పుడు నల్లబడకూడదు, మీటింగు రికార్డు కావాలి.

అప్పగింత రోజు ఒక పూట పెట్టుకోవాలి. ఒక కొత్త విండోస్ ల్యాప్‌టాప్, ఒక పాతది, ఒక మ్యాక్‌బుక్ తెప్పించాలి. ఒక్కోదాన్ని ఒక్కో ఇన్‌పుట్‌లో పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూడాలి. ల్యాప్‌టాప్‌ని నిద్రపుచ్చి లేపాలి. చిన్న తెలుగు అక్షరాలున్న ఎర్ర రంగు స్లైడు వేసి చివరి కుర్చీలో కూర్చుని చదవాలి. ఒక తెరను రిమోట్‌తో ఆపి మిగతావి ఆరుతున్నాయేమో చూడాలి. చివరగా గది మెయిన్ స్విచ్ ఆపి, అయిదు నిమిషాలాగి వేసి, ఎవరూ ఏ బటనూ నొక్కకుండా బొమ్మలన్నీ తిరిగి వస్తున్నాయో లేదో చూడాలి. అన్నీ కుదిరాక స్విచర్ సెట్టింగుల ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకోవాలి. ఏ పోర్టులో ఏ తెర ఉందో, ఏ ఈడీఐడీ పెట్టారో ఒక కాగితం మీద రాయించి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించాలి.